సియోల్‌లో సిన్‌దొక్ రాణి: సమాధి ఒకచోట, దాని రాళ్లు మరోచోట

సియోల్‌లో ప్యాలెస్‌లు చూడటం అయ్యాక ఒక పూట మిగిలితే, దాన్ని సిన్‌దొక్ రాణికి ఇవ్వండి. కొరియాలో జోసన్ రాజ్యం పెట్టిన తేజో రాజుకు ఈమె రెండో భార్య. 1392లో ఆయన గద్దెనెక్కేనాటికే మొదటి భార్య చనిపోవడంతో, ఆ రాజ్యానికి మొదటి పట్టపురాణి ఈమే అయింది. ఈమె చిన్న కొడుకునే యువరాజుగా ప్రకటించారు. గొడవంతా అక్కడే మొదలైంది. రాజ్యం కోసం తండ్రి పక్కన నిలబడ్డ సవతి కొడుకు బాంగ్‌వన్‌కు అది మింగుడుపడలేదు. 1396లో రాణి పోయింది. 1398లో ఆమె కొడుకులిద్దరూ హత్యకు గురయ్యారు. తేజోంగ్ పేరుతో రాజైన బాంగ్‌వన్, తండ్రి పోయిన మరుసటి ఏడు, అంటే 1409లో, ఆమె సమాధిని కోట గోడల బయటికి తరలించాడు. 1410లో వానలకు నగరంలోని ఒక వంతెన పడిపోతే, ఆ పాత సమాధి రాళ్లతోనే కొత్తది కట్టించాడు.

ఆ వంతెన పేరు గ్వాంగ్‌టోంగ్‌గ్యో. చంగ్యేచన్ కాలువ మీద, జోంగ్గక్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. 2005లో పాత చోటికి కాస్త ఎగువన మళ్లీ నిలబెట్టారు. పైనుంచి చూసి వచ్చేయకండి, మెట్లు దిగి కిందికి వెళ్లండి. మబ్బులు, దేవతామూర్తులు చెక్కిన రాళ్లు గోడలో కనిపిస్తాయి. కొన్నింటిని తలకిందులుగా పెట్టారు. ఒక మనిషి మీద కోపం ఇంత బాహాటంగా రాతిలో ఉండిపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు చాలా బాధేసింది. టికెట్ లేదు, రాత్రి పూట కూడా చూడొచ్చు. గట్టి వాన పడితే మాత్రం కిందికి దిగనివ్వరు.

సమాధి పేరు జంగ్‌నుంగ్. అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, అక్కడి నుంచి ఇళ్ల మధ్యగా ఎక్కుతూ పోవాలి. సోమవారం సెలవు. 2009లో యునెస్కో గుర్తించిన జోసన్ రాజ సమాధుల్లో ఇదొకటి అయినా, మట్టిదిబ్బ చుట్టూ చెక్కిన రాతి పలకలు లేవు. దీపస్తంభం మాత్రం పాత సమాధిదే. 1669లో గానీ ఆమెకు రాణి హోదా తిరిగి దక్కలేదు. దిబ్బ దగ్గరికి వెళ్లనివ్వరు కాబట్టి కింద నుంచే చూడాలి. పైన్ చెట్ల మధ్య దారి బాగుంటుంది, జనం తక్కువ. సమయం తక్కువైతే మాత్రం నా ఓటు వంతెనకే.

బసకు జోంగ్నో వైపు చూసుకోండి. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది కానీ బాగా ఇరుకు. లిఫ్ట్ లేకపోవడంతో పెద్ద సూట్‌కేసులు మోయలేక అవస్థ పడ్డాం, బుక్ చేసే ముందు అడగండి. షాపింగే ముఖ్యమైతే మ్యోంగ్‌డోంగ్ నయం.

శాకాహారులకు టెన్షన్ తప్పదు, కూరగాయలే కనిపించే సూప్‌లోనూ చేపల రసం ఉండొచ్చు. ఇన్సాడోంగ్‌లో బౌద్ధ గుడి భోజనం పెట్టే హోటళ్లున్నాయి. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. ధర ఎక్కువే అయినా ఒక పూటైనా తినాల్సిన భోజనం. మెట్రోకు టీ-మనీ కార్డు ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా దొరుకుతుంది. రీచార్జికి కొరియన్ నోట్లు చేతిలో ఉంచుకోండి.