బెల్జియన్ విట్ 1+1 ఆఫర్‌లో ఉందంటే ఆగండి, ముందు రుచి చూడండి

ఈ వీకెండ్ మైక్రోబ్రూవరీకి, అంటే బీరు అక్కడే కాచి పోసే పబ్‌కి, వెళ్దామనుకుంటున్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదివి వెళ్లండి. పోయిన శనివారం సాయంత్రం గచ్చిబౌలి వైపు అలాంటి ఒక బ్రూపబ్‌లో బెల్జియన్ విట్ అనే గోధుమ బీరు అని చెప్పి మాకు పాడైపోయిన బీరు పోశారు. పాడైందని చెప్తే మేనేజర్ "బెల్జియన్ బీరంటే అలాగే పుల్లగా ఉంటుంది సార్" అన్నారు, ఆ మాటతోనే మొత్తం డబ్బులు కూడా తీసుకున్నారు. నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు, ఆ మాట గురించి. తెలియనివాళ్లు అది నిజమని నమ్మేస్తారు.

మా బాబాయి కొడుక్కి మొదటి జీతం వచ్చింది. వాడికి ఇప్పటిదాకా బీరంటే వైన్ షాపులో దొరికే స్ట్రాంగ్ బీరే. నేను ఆఫీసు పని మీద బెల్జియంలో, లూవెన్‌లో ఎనిమిది నెలలు ఉన్నాను, అక్కడ తాగిన గోధుమ బీరు గురించి ఇంటికొచ్చాక వాడికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ట్రీట్ ఎక్కడ అనగానే "అన్నా, నువ్వు చెప్తుంటావే, ఆ బీరే తాగుదాం" అన్నాడు. వాడూ, నేనూ, నా ఫ్రెండ్ ఒకడూ క్యాబ్‌లో వెళ్లాం.

మెనూలో ఆరు బీర్లు ఉన్నాయి. బెల్జియన్ విట్ ఒక్కదానికే 1+1 అని బల్ల మీద కార్డు పెట్టారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మామూలుగా మన దగ్గర బ్రూపబ్‌లలో ఎక్కువగా పోయేదే విట్, దాన్ని పిలిచి మరీ సగం ధరకు ఇస్తున్నారంటే ఎందుకో అడగాలి. అడగలేదు. టేస్టర్, అంటే రుచి చూడటానికి చిన్న గ్లాసులో కొంచెం ఇవ్వమంటే "ఆఫర్ బీరుకి టేస్టర్ ఉండదు సార్" అన్నాడు కుర్రాడు. సరేలే అని రెండు ఆర్డర్ చేస్తే నాలుగు గ్లాసులూ ఒకేసారి తెచ్చి పెట్టేశాడు, ప్రతి గ్లాసు అంచున మందపాటి కమలా ముక్క.

ముక్క తీసి పక్కన పెట్టి వాసన చూశాను. థియేటర్‌లో పాప్‌కార్న్ మెషిన్ పక్కన నిలబడితే వచ్చే వెన్న వాసన. నోట్లో పోసుకుంటే ముందు ఆ వెన్న జిడ్డు, వెనకే రెండు రోజులు బయట పెట్టిన మజ్జిగ పులుపు. పైన నురుగు తెచ్చిన నిమిషంలోనే పోయింది. ధనియాల వాసన ఎక్కడా లేదు. మా తమ్ముడు పాపం రెండు గుక్కలు తాగి, నా మొహం చూసి, "బాగానే ఉందన్నా" అన్నాడు. వాడు అలా అనాల్సి వచ్చినందుకు నాకు ఎంత బాధేసిందో చెప్పలేను.

అసలు ఈ బీరు ఎలా ఉండాలో తెలిస్తే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇది బెల్జియంలో హోగార్డెన్ అనే ఊరి బీరు. ఆ ఊళ్లో ఈ రకం బీరు కాచే చివరి బ్రూవరీ 1957లో మూతపడింది. చిన్నప్పుడు ఆ బ్రూవరీ పక్కింట్లో పెరిగి, అక్కడ సాయం చేసిన పియెర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో దాన్ని మళ్లీ కాచడం మొదలుపెట్టాడు. ఈరోజు మన హైదరాబాద్‌లో విట్ అని తాగుతున్నదంతా ఆయన బతికించిన బీరు నుంచి వచ్చిందే. అందులో బార్లీ మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాటు దాదాపు సగం మాల్ట్ చేయని పచ్చి గోధుమ ఉంటుంది, అందుకే పాలు కలిపినట్టు మసకగా, లేత పసుపులో ఉంటుంది. విట్ అంటే వాళ్ల భాషలో తెలుపు. కాచేటప్పుడు ధనియాలు, ఎండబెట్టిన నారింజ తొక్క వేస్తారు. అంటే మసక తప్పు కాదు, అది చూసి పాడైందనుకోకండి. ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ, చేదు చాలా తక్కువ. నురుగు తెల్లగా, చిక్కగా, కాసేపు నిలబడాలి. ధనియాలు దంచినప్పుడు వచ్చే నిమ్మలాంటి పరిమళం, కొంచెం నారింజ, కొంచెం మిరియపు ఘాటు, చివర్లో పొడిగా తేలిపోవాలి. గోధుమ వల్ల చిన్న పులుపు ఉంటుంది, అది నాలుకను లేపే పులుపు, మొహం చిట్లించేది కాదు. అరటిపండు, లవంగం వాసన గట్టిగా కొడితే అది జర్మన్ హెఫెవైజెన్, అదీ మంచి బీరే, కానీ వేరే బీరు.

మేనేజర్ చెప్పిన మాటలో ఒక్క ముక్క నిజం ఉంది. బెల్జియంలో పుల్లటి బీర్లు ఉన్నాయి, బ్రస్సెల్స్ చుట్టుపక్కల కాచే లాంబిక్ అలాంటిదే, గాలిలో ఉండే సహజమైన ఈస్ట్‌తో (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) పులియబెట్టి నెలలు, ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో ఉంచుతారు. అది కావాలని చేసిన పులుపు. దానికీ విట్‌కీ సంబంధం లేదు. ఆయనకు ఈ మాటే చెప్పాను. వినలేదు, "చాలామంది తాగుతున్నారు సార్, ఎవరూ కంప్లైంట్ చేయలేదు" అన్నారు.

వెన్న వాసన ఎందుకు వస్తుందంటే, పులిసేటప్పుడు ఈస్ట్ డయాసిటైల్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది, చివర్లో ఇంకొన్ని రోజులు కాస్త వెచ్చగా వదిలేస్తే ఆ ఈస్టే దాన్ని మళ్లీ తినేస్తుంది. వీకెండ్ రద్దీ కోసం తొందరపడి ట్యాంక్ చల్లబరిచి ట్యాప్‌కి ఎక్కిస్తే ఆ వాసన బీరులోనే మిగిలిపోతుంది. రెండో కారణం పైపులు. ట్యాంక్ నుంచి ట్యాప్ దాకా వచ్చే పైపులు కడగకపోతే బ్యాక్టీరియా పట్టి వెన్న వాసనా, పులుపూ రెండూ కలిసి వస్తాయి. అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ వాళ్ల మాన్యువల్‌లో ఈ పైపుల్ని రెండు వారాలకోసారి కెమికల్‌తో కడగాలని ఉంది. మా గొడవ చూసి చివరికి లాగర్ అనే ఇంకో రకం బీరు ఒక గ్లాసు తెచ్చిచ్చారు, అందులోనూ అదే పులుపు. పక్క ట్యాప్ బీరుకి కూడా అదే రోగం ఉందంటే ఒక్క ట్యాంక్ తప్పు కాదు, నా అంచనా పైపులే. ఎప్పుడు కడిగారు అని ఆ కుర్రాడిని నెమ్మదిగా అడిగితే "నాకు తెలీదన్నా, నేను చేరి నెల అయింది, నేనైతే చూడలేదు" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడి మీద ఎవరూ అరవకండి.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇలా పులిసిన బీరు తాగితే సాధారణంగా జబ్బు చేయదు, మా ముగ్గురికీ ఏమీ కాలేదు. విషం పోశారని నేను అనడం లేదు. డబ్బు తీసుకుని పాడైన సరుకు ఇచ్చి, అదే దాని అసలు రుచి అని చెప్పడం గురించే నా బాధ.

బిల్లు విషయం. గ్లాసు 450, రెండింటికి 900, దాని మీద, తిండి మీద కలిపి 10 శాతం సర్వీస్ ఛార్జీ. బీరు డబ్బులు తగ్గించమంటే "గ్లాసులో పోశాక రిటర్న్ లేదు" అన్నారు. సర్వీస్ ఛార్జీ మాత్రం తీయించాను. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ మాట చెప్పగానే రెండో బిల్లు వచ్చింది. మద్యం మీద జీఎస్టీ కూడా ఉండదు, బీరు లైన్ మీద వేశారేమో చూసుకోండి.

మీరు వెళ్తే ముందు టేస్టర్ అడగండి, చాలా చోట్ల అడిగితే ఇస్తారు. ఇవ్వనంటే ఆ బీరు వద్దనండి. 1+1 అయితే గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి తెమ్మనండి, లేకపోతే మాలాగా నాలుగు గ్లాసులూ ముందు పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. కమలా ముక్క తీసేసి వాసన చూడండి. తేడాగా ఉంటే రెండో గుక్క తాగకుండా అప్పుడే చెప్పండి, సగం గ్లాసు అయ్యాక ఎవరూ వినరు. గ్లాసు ఫొటో, బిల్లు ఫొటో తీసుకోండి.

పేరు అడుగుతారని తెలుసు. నేను వెళ్లింది ఒక్క రోజే, అందుకే ఇక్కడ రాయడం లేదు. ఫొటోలతో వాళ్లకి మెయిల్ పెట్టాను, బీరు డబ్బులు 900 వెనక్కి ఇవ్వమని, పైపులు చివరగా ఎప్పుడు కడిగారో చెప్పమని అడిగాను. వచ్చే శనివారం దాకా చూసి, జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. ఏమైందో ఇక్కడే కింద రాస్తాను.