కర్రీ పాయింట్ నడిపేవాళ్లకి ఈ సూది థర్మామీటర్ పనికొస్తుందా?

అక్కయ్యపాలెంలో మాది చిన్న కర్రీ పాయింట్. ఈ డిజిటల్ థర్మామీటర్‌ని ఆన్‌లైన్‌లో తెప్పించి ఎండాకాలం నుంచి వాడుతున్నాం. నాలుగు స్టార్లు ఇస్తున్నా, అయిదోది ఎందుకు ఇవ్వలేదో కింద చెప్తా.

పనిలో మాత్రం వంక పెట్టలేం. గుత్తి వంకాయలాంటి చిక్కటి కూర మళ్లీ వేడి చేస్తే అంచుల్లో బుడగలు వచ్చేస్తాయి, ఆవిరి కూడా వస్తుంది, ఇంకేముంది దించేద్దాం అనుకుంటాం, కానీ నడిమధ్యన సూది గుచ్చితే ఒక్కోసారి 50 కూడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం మధ్యలో 70 డిగ్రీలు దాటాలి, అమ్మేంతసేపూ 60 పైనే ఉండాలి, ఫ్రిజ్‌లో పెడితే 5 లోపు. ఆ 5కీ 60కీ మధ్యే సూక్ష్మజీవులు పెరుగుతాయి, అందులోనూ మన వైజాగ్ ఉక్కపోతలో బయట పెట్టిన గిన్నె గురించి చెప్పక్కర్లేదు. రెండు గంటలు మించి బయట ఉంచొద్దంటారు.

మళ్లీ మరిగిస్తే అన్నీ చస్తాయిలే అనే మాట మా వీధిలో చాలా వింటాను. స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం మరిగించినా పోదు. బయట వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే ఇంకో బ్యాక్టీరియాదీ అదే కథ. అంటే వేడి తగ్గకముందే చూసుకోవాలి, తర్వాత చూసి లాభం లేదు.

సరిగ్గా చూపిస్తుందో లేదో తేల్చుకోవడం తేలికే, ఐసు ముక్కలు నింపిన నీళ్లలో సున్నా, మరిగే నీళ్లలో 100 రావాలి. మనది సముద్రం పక్క ఊరు కాబట్టి 100, అదే అరకులో అయితే రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, అది దీని తప్పు కాదు.

ఇక తీసేసిన స్టార్. సెల్సియస్, ఫారెన్‌హీట్ మార్చే బటన్ ఆన్ బటన్ పక్కనే పెట్టారు, ఏ మహానుభావుడి ఆలోచనో! పప్పులో 149 చూపిస్తే మా కుర్రాడు కంగారు పడిపోయాడు, తీరా చూస్తే అది 65 డిగ్రీలే. పైగా సూది తప్ప మిగతాది కడగడానికి లేదు, నీళ్లు తగిలితే తెర మసకబారిపోతోంది.

దీనితో తేలని సంగతి చేపలది. హార్బర్ నుంచి ఐసు లేకుండా తెచ్చిన కానాగంతల్లో హిస్టమిన్ అనే హాని చేసే పదార్థం తయారైతే ఎంత వేయించినా పోదు, సూదికీ అందదు. అక్కడ ఐసు చూసి కొనాల్సిందే.

ఇంట్లో నలుగురికి వండుకునేవాళ్లకి ఇది అంత అవసరం లేదు. పెళ్లిళ్లకి వండే క్యాటరింగ్ వాళ్లయితే రెండు తీసుకోండి, పచ్చి మాంసానికి ఒకటి, వండినదానికి ఇంకొకటి, రెండింటికీ ఒకే సూది గుచ్చితే రోగాన్ని మీరే మోసుకెళ్లి పెట్టినట్టు.