ఒకే కొవ్వు, రెండు ఎంజైములు

తార్నాకలో మా ల్యాబ్‌లో, కుక్క కిడ్నీ నుంచి వచ్చిన ఎండీసీకే కణాల పొర మీద పిపెట్ టిప్‌తో గీత గీసి, కణాలు పాకి దాన్ని పూడ్చడం చూస్తుంటాం. ఆ కదలికలో చేయి ఉన్న పీఎల్‌సీ, పీఐ3కే అనే ఎంజైములు రెండూ పట్టుకునేది కణం పైపొరలో ఉండే పీఐపీ2 అనే ఒకే కొవ్వుని.

పీఎల్‌సీ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఐపీ3 లోపలికెళ్లి కాల్షియం విడిపిస్తుంది, డీఏజీ కణం పైపొరలోనే ఉండి పీకేసీ అనే మరో ఎంజైముని లేపుతుంది. అంతే.

పీఐ3కే కోయదు. మూడో స్థానంలో ఫాస్ఫేటు తగిలించి పీఐపీ3 చేస్తుంది. దాన్ని పట్టుకుని ఏకేటీ అనే ప్రోటీన్ కణం పైపొర దగ్గరికి చేరాక పెరుగుదల మొదలు. పీటెన్ అనే ఎంజైము ఆ ఫాస్ఫేటుని పీకేయకపోతే బ్రేకుల్లేని ఆటోనే!

గీత పూడటానికైతే నా ఓటు పీఐ3కేకే. ఎల్‌వై294002 మందుతో దాన్ని ఆపితే కణాలు నీరసంగా పాకుతాయి. కాకపోతే కణాల్ని విభజనకి పురిగొల్పే సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) తగ్గించడం మరిచిపోతే పూడింది కదలికతోనా, విభజనతోనా తేలదు. నాకు ఒక ప్లేటు అలాగే పోయింది.