కనిగిరి దగ్గరి నర్సరీలో కొన్న వట్టివేరు పిలకలు, అంజన్ గడ్డి విత్తనం

పామూరు దారిలో మాకున్న రెండున్నర ఎకరాల గరుసు నేలలో సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయించాక, ఒక్క గట్టి వాన పడితే చాలు, పైమన్నంతా వాగు పాలయ్యేది. ఆ మన్ను నిలవడానికి కనిగిరి దగ్గరి ఒక నర్సరీలో 2024లో లోతుగా వేరు పట్టే వట్టివేరు గడ్డి పిలకలు, మెట్టలో పశువుల మేతకు పెంచే అంజన్ గడ్డి విత్తనం కొని, నాటే పనిని కూడా వారికే అప్పగించాను.

పిలకలకు వంక పెట్టలేను. ఆకు జానెడు, వేరు నాలుగంగుళాలు ఉండేలా కత్తిరించి, తడి గోనెలో చుట్టి, తవ్విన రోజే పంపారు. వారి పనివారు నీళ్ల గొట్టంతో మట్టం చూసి, వాలుకు అడ్డంగా గీతలు గీసి, ఆరంగుళాల ఎడంతో నాటారు; ఎడం పెరిగితే సందుల్లోంచి నీరు మట్టిని కోసుకుపోతుందని ఓపికగా వివరించారు. మా మెట్టకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కనుక, ఆలోగా వేరు పట్టేలా సెప్టెంబరులోనే నాటడం నాకు బాగా నచ్చింది. రెండు వానాకాలాలు గడిచేసరికి ప్రతి బారు ఎగువన బెత్తెడు మేర మెత్తని మన్ను నిలిచింది. దాన్ని చేతిలోకి తీసుకున్న రోజు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

విత్తనం విషయంలో మాత్రం నష్టపోయాను. అంజన్ విత్తనం నూగుతో గాలికి ఎగిరేంత తేలికగా ఉంటుంది. తడి ఇసుకతో కలిపి పైపైన చల్లాలి, లోతుగా పడితే మొలవదు. కొత్తగా కోసినదానికన్నా కొన్ని నెలలు నిల్వ ఉన్నదే బాగా మొలుస్తుంది. నాకు ఇచ్చింది అప్పుడే కోసిన విత్తనం, పైగా ఈ జాగ్రత్తలేవీ చెప్పలేదు. అడిగాక మరుసటి ఏడు నిల్వ విత్తనం ఉచితంగా ఇచ్చారు, అది బాగానే మొలిచింది.

2025 ఏప్రిల్‌లో పీసీపల్లి మండలం దివాకరపల్లి వద్ద గడ్డి నుంచి గ్యాసు తీసే రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగాక, ఈ నర్సరీ వారు వచ్చినవారందరికీ హైబ్రిడ్ నేపియర్ గడ్డినే చూపిస్తున్నారు. ఆఫ్రికా ఏనుగు గడ్డికీ సజ్జకూ పుట్టిన ఆ సంకరం దిగుబడి ఎక్కువే ఇస్తుంది, కానీ అందుకు నీరూ ఎరువూ కావాలి. బోరు లేని గరుసు నేలకు దాన్ని సిఫారసు చేయడం సరికాదు.

పద్దెనిమిది నెలలకు వట్టివేరు తవ్వి సుగంధ నూనెకు అమ్ముకోమన్న వారి సలహానూ నేను పాటించలేదు, ఎందుకంటే వేరు తవ్వితే వాలు మీద మన్ను మళ్లీ వదులవుతుంది. ఇంధనానికి అమ్మాలనుకుంటే వేరు తవ్వక్కర్లేదు, పైగడ్డి చాలు. బయోగ్యాస్‌కైతే లేతగా పచ్చిగా ఉన్నప్పుడు, బ్రికెట్లకైతే (పొడిని అదిమి చేసే ఇంధన దిమ్మెలు) ఎండిన తరువాత కోయాలి. ఎండేలోగా ఆకులోని పోషకాలు కొంతవరకు వేరులోకి దిగి, తరువాతి చిగురుకు అందుతాయి.