ఐ5, 8 జీబీ ల్యాప్‌టాప్: విశాఖలో రెండు వేసవులు వాడాక

ఇంటెల్ ఐ5-1235యూ ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 15.6 అంగుళాల తెర, విండోస్ 11 హోమ్. దాదాపు ఇదే అమరికతో చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌లు అమ్ముతూ వచ్చాయి కాబట్టి కంపెనీ పేరు ఇక్కడ ముఖ్యం కాదు. పని అంతా క్రోమ్‌లో పాతిక ముప్ఫై ట్యాబులు, ఎక్సెల్, టాలీ, వీడియో మీటింగులు, అప్పుడప్పుడు ఫోటో ఎడిటింగ్. కొన్న కొత్తలో ఇది పాత యంత్రం కంటే నెమ్మదిగా నడిచింది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ప్రాసెసర్ అదే, ఎస్‌ఎస్‌డీ అదే. మారినవి ర్యామ్ (తెరిచిన పనులు తాత్కాలికంగా ఉండే మెమరీ), కంపెనీ ముందే ఎక్కించి ఇచ్చిన సాఫ్ట్‌వేర్, వేడి బయటికి పోయే దారి. అందులోనూ సింహభాగం ర్యామ్‌దే.

మొదటి రెండు రోజుల వేగం చూసి తీర్పు చెప్పకండి. ఆ సమయంలో విండోస్ అప్‌డేట్లు దించుకుంటుంది, స్టోర్ యాప్‌లు కొత్త వెర్షన్లకు మారతాయి, సెర్చ్ ఇండెక్స్ తయారవుతుంది, వన్‌డ్రైవ్ డాక్యుమెంట్ల ఫోల్డర్‌ని ఎక్కిస్తూ ఉంటుంది, డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ తెర వెనక నడుస్తుంది. ఛార్జర్ పెట్టి, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి, రాత్రంతా వైఫైకి కలిపి వదిలేయండి. పొద్దున లేచాక విండోస్ అప్‌డేట్ పేజీలో ఇక ఏమీ మిగల్లేదు అనేదాకా రీస్టార్ట్ చేస్తూ పోవాలి. షట్‌డౌన్ సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కెర్నెల్ (లోపలి ప్రధాన భాగం) స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు మళ్లీ దాన్నే తెరుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ అడుగున 'అప్ టైమ్' చూడండి. రోజూ రాత్రి ఆపే యంత్రానికి కూడా అక్కడ పదేసి రోజులు కనబడతాయి. ఆన్‌లైన్లో కొన్నవాటికి మార్చి ఇచ్చే గడువు సాధారణంగా వారం, పది రోజులే ఉంటుంది. అందుకే మూడో రోజు నుంచి గట్టిగా పరీక్షించాలి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాన్ని తెరిచి, ఏ పనీ చేయకుండా ఐదు నిమిషాలు ఊరుకోండి. సీపీయూ ఐదారు శాతం లోపు, డిస్క్ సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే ఆ గడి పేరు మీద నొక్కితే ఎక్కువ తింటున్నది పైకి వస్తుంది. ఈ యంత్రంలో పైకి వచ్చింది ట్రయల్ యాంటీవైరస్. సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి తీసేసినా దాని సర్వీసులు కొన్ని మిగిలిపోయాయి. అలాంటప్పుడు యాంటీవైరస్ తయారుచేసిన సంస్థ సైట్లోనే దాన్ని పూర్తిగా తొలగించే టూల్ దొరుకుతుంది, అది నడిపి రీస్టార్ట్ చేయాలి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ దానంతటదే ఆన్ అవుతుంది, ఇంటి వాడకానికి అది చాలు. రెండు యాంటీవైరస్‌లు పక్కపక్కన నడిస్తే తెరిచే ప్రతి ఫైలునీ రెండుసార్లు వెతుకుతాయి. ఆ తర్వాత స్టార్టప్ యాప్స్ పేజీలో టీమ్స్, స్పాటిఫై, కంపెనీ ఆఫర్ల యాప్ లాంటివి డిసేబుల్ చేయండి. టచ్‌ప్యాడ్, ఆడియో, గ్రాఫిక్స్ పేర్లున్నవి మాత్రం ముట్టుకోవద్దు. రిజిస్ట్రీ క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు అని దొరికేవి దండగ, కొన్నిసార్లు ప్రమాదం కూడా.

అసలు చిక్కు ర్యామ్‌లో ఉంది. 8 జీబీలో కొంత హార్డ్‌వేర్ కోసం పక్కకి పోయి వాడకానికి 7.7 జీబీ మిగులుతుంది. మనం ఒక్క ప్రోగ్రామూ తెరవకముందే విండోస్, దాని సర్వీసులు కలిసి అందులో సగం దాకా ఆక్రమిస్తాయి. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో 'కమిటెడ్' అని ఒక అంకె ఉంటుంది. మీ మామూలు పనులన్నీ తెరిచి పెట్టుకుని అది చూడండి. 7.7 దాటి 11, 12 దగ్గర తిరుగుతుంటే, పట్టనిదాన్ని విండోస్ ముందు కంప్రెస్ చేస్తోంది, అదీ చాలకపోతే ఎస్‌ఎస్‌డీలో ర్యామ్‌కి బదులుగా వాడే పేజ్ ఫైలుకి తోసేస్తోంది. ట్యాబు మార్చినప్పుడల్లా పేజీ తెల్లగా అయి మళ్లీ లోడ్ కావడం, ఎక్సెల్‌కి తిరిగొస్తే రెండు క్షణాలు బిగుసుకుపోవడం దీని వల్లే.

ఇంకొక కారణం పెట్టె మీద రాయరు. ఆ 8 జీబీని ఒకే స్టిక్‌గా (ఒకే ర్యామ్ పలకగా) ఇస్తారు. ఒక్క డీడీఆర్4-3200 స్టిక్ 64 బిట్ల దారిలో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ పంపగలదు. రెండు స్టిక్కులుంటే దారి 128 బిట్లు, వేగం 51.2 జీబీ. ఈ ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఈ దారి మీదే బతుకుతుంది. ఇంటెల్ డ్రైవరే ఆ సంగతి చెప్పేస్తుంది: ఒక స్టిక్ ఉన్నప్పుడు డివైస్ మేనేజర్‌లో 'యూహెచ్‌డీ గ్రాఫిక్స్' అని చూపించిన చిప్, రెండో స్టిక్ పెట్టాక 'ఐరిస్ ఎక్స్ఈ' అని చూపిస్తుంది. ఐరిస్ ఎక్స్ఈ అన్న మాట చూసి కొని, లోపల యూహెచ్‌డీ కనబడి చిప్ మార్చేశారని షాపుతో గొడవపడేవాళ్లు ఉన్నారు. చిప్ మారలేదు, రెండో స్లాట్ ఖాళీగా ఉంది, అంతే. మెమరీ పేజీలో 'స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2' అని ఉంటే మీ పని సులువు. ర్యామ్ బోర్డుకే అతికించి, వేరే స్లాట్ లేని మోడల్ అయితే ఏమీ చేయలేరు, గడువులోపు మార్పించుకోవడమే మంచిది.

విశాఖలోని ద్వారకానగర్ షాపుల్లో అడగాల్సింది ఇలా: ల్యాప్‌టాప్ ర్యామ్, డీడీఆర్4, 3200, 1.2 వోల్టులు, 260 పిన్నులు, 8 జీబీ. డీడీఆర్5 స్టిక్‌కి 262 పిన్నులు, గాడి కూడా వేరేచోట ఉంటుంది, పట్టదు. 2666 స్టిక్ పెడితే పాతది కూడా దాంతోపాటు 2666కే దిగుతుంది. 16 జీబీ స్టిక్ కలిపి 24 చేసుకోవచ్చు, అప్పుడు 16 జీబీ వరకు రెండు దారుల్లో, మిగతా 8 ఒక దారిలో నడుస్తుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వెనక మూత తెరిస్తే వారంటీ పోతుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టాలి.

బిగించే ముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలో బిట్‌లాకర్ రికవరీ కీ (డిస్క్ ఎన్‌క్రిప్షన్ తాళం తెరిచే నంబరు) ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే యంత్రం పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసేయాలి. వెనక స్క్రూలు ఒకే పొడవు ఉండవు, పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అరచేతులు ఆన్చే పైభాగం ఉబ్బుతుంది. అట్ట మీద మూత బొమ్మ గీసి ఏ చోటు స్క్రూ ఆ చోట గుచ్చి ఉంచండి. మూతని పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్‌తో అంచు వెంబడి విడదీయాలి, ఇనుప చాకు వద్దు. మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఏదైనా లోహపు వస్తువు ముట్టుకుని, స్టిక్‌ని అంచులతో పట్టుకుని ఏటవాలుగా, బంగారు గీతలు దాదాపు కనబడనంత వరకు లోపలికి తోసి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కున పడతాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర ఒకటి రెండు నిమిషాలు నల్లగా ఉండొచ్చు. మెమరీని సరిచూసుకుంటోందన్నమాట, మధ్యలో ఆపేయకండి. అప్పటికీ రాకపోతే స్టిక్ సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టాలి.

ఛార్జర్ గురించి తక్కువమంది ఆలోచిస్తారు. ఈ యంత్రానికి 65 వాట్లది ఇచ్చారు. ఫోన్ ఛార్జర్‌తో టైప్-సీ నుంచి నడిపితే వేగం తగ్గించుకుంటుంది, అది మామూలే. అసలు ఛార్జర్ ఉండగా కూడా సీపీయూ పేజీలో వేగం 0.4 గిగాహెర్ట్జ్ దగ్గర అతుక్కుపోయిందంటే అది ప్రాసెసర్ దోషం కాకపోవచ్చు. బోర్డులోని ఏదో సెన్సార్ ప్రమాదమని సంకేతం పంపి ప్రాసెసర్‌ని అట్టడుగుకి తోస్తోంది. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. వేగం వెంటనే పుంజుకుంటే తప్పు ఛార్జర్‌ది లేదా దాని పిన్నుది. అలా కాకపోతే పూర్తిగా ఆపి, ఛార్జర్ లేకుండా పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. రెండూ పనిచేయకపోతే సర్వీస్ సెంటరే దిక్కు. అక్కడ 'స్లోగా ఉంది' అంటే ఫార్మాట్ చేసి ఇచ్చేస్తారు. 0.4 అంకె కనబడే ఫోటో తీసుకెళ్తే బోర్డు చూస్తారు.

ఇక వేడి. ఈ ప్రాసెసర్ పని మొదట్లో కాసేపు 55 వాట్ల దాకా లాగి, తర్వాత 15 వాట్ల వైపు దిగేలా తయారైంది. కాబట్టి పెద్ద పని మొదలైన అర నిమిషానికి వేగం తగ్గడం లోపం కాదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత 100 డిగ్రీలు తాకి, 'థర్మల్ థ్రాట్లింగ్' (వేడి వల్ల వేగం తగ్గించుకోవడం) దగ్గర 'యెస్' అని పదేపదే వస్తుంటే అది లోపం. మంచం మీద, పరుపు మీద పెడితే కింది జాలీ మూసుకుపోతుంది. వెనక వైపు రెండు సెంటీమీటర్లు ఎత్తితే చాలు, వేల రూపాయల కూలింగ్ ప్యాడ్ అక్కర్లేదు.

విశాఖ ఉక్కపోతలో తేమ వల్లే ప్రాసెసర్ వేడెక్కుతుందని చెబుతుంటారు, అది సరికాదు. వేడికి గది ఉష్ణోగ్రతే లెక్క. తేమ చేసే హాని వేరు: ఫ్యాన్ రెక్కల మీద, వేడిని బయటికి లాగే హీట్‌సింక్ సందుల్లో దుమ్ముని అంటుకునేలా చేసి దళసరి పొరగా గట్టిపరుస్తుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో దానికి ఉప్పు తోడవుతుంది, యూఎస్‌బీ పిన్నులు మసకబారతాయి. కాన్వెంట్ జంక్షన్, వన్‌టౌన్ వైపైతే పోర్టు నుంచి వచ్చే నల్లటి బొగ్గు ధూళి. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు ఏడాదికోసారి, మార్చిలో ఎండలు ముదరకముందే, ఫ్యాన్ శుభ్రం చేయించాలి. ఫ్యాన్ తిరగకుండా పళ్లపుల్లతో ఆపి, చిన్నచిన్న ఊపులతో గాలి కొట్టాలి. షాపుల్లో పెద్ద బ్లోయర్ నేరుగా పెట్టి ఫ్యాన్‌ని గిర్రున తిప్పేస్తారు, బేరింగ్ పాడవుతుంది, ముందే చెప్పండి. ఏసీ గదిలో చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ని మే నెలలో బాల్కనీలోకి తీసుకెళ్లి వెంటనే ఆన్ చేయకండి. చల్లటి లోహం మీద తేమ నీటి పొరగా పడుతుంది, అరగంట ఆగాలి.

ఎస్‌ఎస్‌డీలో వంద జీబీ దాకా ఎప్పుడూ ఖాళీ ఉంచితే దానితో పేచీ లేదు. నిండేకొద్దీ చవక రకం ఎస్‌ఎస్‌డీల్లో వేగంగా రాసుకునే భాగం కుంచించుకుపోయి, పెళ్లి వీడియోల్లాంటి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో వేగం ఒక్కసారిగా కూలిపోతుంది.

ఫార్మాట్ చివరి మెట్టు. చేయక తప్పకపోతే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్‌ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. లైసెన్సు మదర్‌బోర్డుతోనే ఉంటుంది, కీ అడిగితే దాటేయొచ్చు. ఇన్‌స్టాల్ మధ్యలో 'డ్రైవ్ ఏదీ దొరకలేదు' అని వస్తే ఎస్‌ఎస్‌డీ పోయిందని బెంగపడొద్దు. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ యంత్రాల్లో వీఎండీ అనే కంట్రోలర్ మధ్యలో ఉంటుంది, కంపెనీ సైటులోని ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో వేసి 'లోడ్ డ్రైవర్' నొక్కితే కనబడుతుంది. ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ ఉచితంగా వచ్చి ఉంటే దాన్ని ముందే మీ ఖాతాకి కలుపుకోండి. ఎవరైనా 'లైట్ విండోస్' వేసిస్తామంటే వద్దనండి, అందులో తీసేసే వాటిలో డిఫెండర్, అప్‌డేట్లు కూడా ఉంటాయి.

ఇన్ని చేశాక కూడా ఈ ల్యాప్‌టాప్ చేయలేనివి ఉన్నాయి. గంట నిడివి వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫ్యాన్ మోత గదంతా వినబడుతుంది, తెర రంగులు ఫోటో పనికి నమ్మదగ్గవి కావు. ఆఫీసు పనికి, చదువుకి మాత్రం 16 జీబీతో ఇంకా కొన్నేళ్లు నిస్సందేహంగా లాగుతుంది. ఇలాంటిది షాపులో కొనేవాళ్లు డబ్బు కట్టే ముందే ప్రదర్శనకి పెట్టిన యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి స్లాట్ల వరుస చూడండి. 1 ఆఫ్ 2 అని ఉంటే రెండో స్టిక్ అక్కడే బిగించి బిల్లులో చేర్చమని అడగండి. మూత తెరిచేది వాళ్లే అయినా వారంటీ మాట ముందే కంపెనీని అడిగి చూసుకోవాలి.