ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే: మన క్లెయిమా, కోర్టా?

కావలి దాటాక హైవే మీద ఒక ఆటో వెనకనుంచి నా కారును గుద్దింది, బంపర్ ఒక పక్క ఊడి వేలాడుతోంది, అడిగితే దానికి ఇన్సూరెన్సే లేదు (మొదటిసారికి 2000 ఫైన్ అంటే నవ్వాడు).

మన పాలసీలో ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగిన నష్టానికి కవర్) ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ వచ్చి నష్టం చూస్తాడు, పనైపోతుంది. కాకపోతే 1500 సీసీ లోపు కారుకి మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, జీరో డెప్ (పార్టుల అరుగుదల కోత లేకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ బంపర్‌కి సగమే ఇస్తారు, పైగా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది 50 శాతానికి చేరిన వాళ్లు చిన్న సొట్టకి క్లెయిమ్ వేయడం దండగ.

కోర్టుకి, అంటే యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళితే లాయరు, వాయిదాలు. గెలిచినా కట్టాల్సింది ఆటో ఓనరే, అతని దగ్గర ఉండాలిగా! దెబ్బలు తగిలితే మాత్రం కేసు వదలొద్దు.

నేను క్లెయిమే వేశా.