హెచ్చరిక: శ్రీకాకుళం ఏజెంటు దగ్గర బింటాన్ ప్యాకేజీ కొనబోయే వారికి

ఏజెంటు పేరు రాయడం లేదు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో దుకాణం పెట్టుకుని, సింగపూర్ షిప్‌యార్డుల్లో పనిచేసే మన కుర్రాళ్ళకు టిక్కెట్లు, టూర్ ప్యాకేజీలు అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో ఇది చదివేవారిలో సగం మందికి తెలుసు. మిగిలిన సగం మంది మోసపోక ముందే చెబుదామని కోపం చల్లారకుండానే రాస్తున్నాను.

మేము నలుగురం. నాది మందస దగ్గర ఊరు. మిగతా ముగ్గురిలో ఒకడిది టెక్కలి, ఒకడిది బొబ్బిలి, ఇంకొకడిది రాజాం (రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉందని వాడు రోజుకొకసారైనా గుర్తు చేస్తాడు). ఓవర్‌టైం లేని శని, ఆదివారాలు నలుగురికీ ఒకేసారి దొరకడం ఎంత అరుదో యార్డులో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు. అలా దొరికిన రెండు రోజులకు, సింగపూర్ దగ్గరే ఉన్న ఇండోనేషియా దీవి బింటాన్‌లోని లాగోయ్ తీరంలో రిసార్టు, ఫెర్రీ, భోజనాలు, వీసా అన్నీ కలిపి మనిషికి 16,000 రూపాయలని ఆయన చెబితే నమ్మాం. సింగపూర్‌లోనే టిక్కెట్లు కొనుక్కుని, గది మీరే మాట్లాడుకుంటే పోయేది కదా అని మీరు అడగవచ్చు. వారం రోజులుగా నన్ను నేను అడుగుతున్నదీ అదే. మన జిల్లావాడు, మాట పోనివ్వడు అనుకున్నాను.

డబ్బు మా నాన్నగారు స్వయంగా దుకాణానికి వెళ్ళి కట్టారు. నలుగురికి 64,000, దానిపై విదేశీ ప్యాకేజీలకు కట్టాల్సిన టీసీఎస్ (అమ్మేవాడు మన దగ్గర వసూలు చేసి మన పేర ప్రభుత్వానికి కట్టే పన్ను) అని 3,200, మొత్తం 67,200 రూపాయలు తీసుకుని, తెల్లకాగితం మీద అంకె వేసి ఇచ్చారు. పాన్ నంబరు అడగనివాడు ఆ పన్ను ఎవరి పేర కడతాడన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. పైగా నాన్నగారు, పిల్లల పని చేసిపెడుతున్నాడు కదా అని, మా తోటలో జీడిపప్పు ఒక కిలో ఆయన చేతిలో పెట్టి వచ్చారు. నాన్నను వాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఈ కుర్చీ సంగతి గుర్తుంచుకోండి.

ఫెర్రీ టిక్కెట్లు మాత్రం అసలువే. శనివారం సింగపూర్‌లోని తనా మేరా టెర్మినల్‌లో ఎక్కి గంటసేపట్లో బింటాన్ చేరాం. అక్కడి గడియారం సింగపూర్ కంటే గంట వెనక, కాబట్టి ఒక గంట ఊరికే కలిసివచ్చిందని నవ్వుకున్నాం. ఆ నవ్వు వీసా కౌంటరు దాకానే. ప్యాకేజీలో ఉందన్న వీసాకు మనిషికి 5,00,000 ఇండోనేషియా రుపియాలు మేమే కట్టాం. లెక్క వేస్తే నలభై సింగపూర్ డాలర్లకు కాస్త అటూ ఇటూ అని తేలింది గానీ, అయిదు లక్షలనే మాట వినగానే టెక్కలివాడి ముఖం చూడాలి.

రిసార్టు కౌంటరులోని అమ్మాయి మా పేర్లు వెతికి, ఏమనాలో తోచనట్టు కాసేపు ఆగి, కంప్యూటరు తెరను మా వైపు తిప్పింది. బుకింగు ఉంది. సోమవారం చేశారు, బుధవారం సాయంత్రం రద్దు చేశారు. ఏజెంటు నాకు వాట్సాప్‌లో పంపిన కాగితం ఆ రెండు రోజుల మధ్య తీసిన ఫోటో. దాని అడుగున చిన్న అక్షరాలతో ఉచిత రద్దు సౌకర్యం ఉందని, చెల్లింపు హోటల్లోనేనని రెండు ముక్కలు ఉన్నాయి. నేను వాటిని చదివాను. చదివి, అవసరమైతే మనమే రద్దు చేసుకోవచ్చని సంతోషించాను! పదో తరగతి లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్న బుర్ర ఇది.

అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట అంటే శ్రీకాకుళంలో పదకొండున్నర, అంటే దుకాణం తెరిచి ఉండే వేళ. మొదటి ఫోనుకు సిస్టంలో ఏదో తప్పు జరిగింది, పది నిమిషాల్లో సరిచేస్తాను అన్నారు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారికి స్విచ్చాఫ్. రెండు గంటలు లాబీలో బ్యాగుల మీద కూర్చుని, అక్కడి గది ధర మా వల్ల కాక, తంజుంగ్ ఉబాన్ ఊళ్ళో చిన్న లాడ్జిలో రాత్రి గడిపి వచ్చాం. ఇదంతా డబ్బు నష్టం, ఓవర్‌టైం చేస్తే తీరుతుంది.

తీరనిది మేము తిరిగి వచ్చాక బుధవారం జరిగింది. నాన్నగారు మా బావను వెంటబెట్టుకుని మందస నుంచి బస్సులో శ్రీకాకుళం వెళ్ళారు. ఈసారి కుర్చీ చూపించలేదు. అరవై దాటిన మనిషి ఆ తెల్లకాగితం పట్టుకుని నిలబడి అడుగుతుంటే, టిక్కెట్టుకోసం వచ్చిన నలుగురైదుగురి ముందు ఆయన అన్న మాటలు ఇవి: "ఏటి, కొడుకు డాలర్లు పంపుతుంటే ఈ డెబ్బై వేలకి బస్సెక్కొచ్చినావా? అయినా వెల్డింగు సేసుకునేవోలకి రిసార్టులేటి?" నాన్న ఏమీ అనలేదట. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశారట. ఇవి నాకు నాన్న చెప్పలేదు, బావ చెప్పాడు. నాన్న ఫోనులో అడిగింది, బింటాన్‌లో సముద్రం మన బారువ సముద్రం లాగే ఉందా అని మాత్రమే. బాగుందని అబద్ధం చెప్పాను. సముద్రాన్ని మేము సరిగ్గా చూడనే లేదు.

అవును, నేను వెల్డర్‌నే. ఎండలో, పొగలో, ఓడ కడుపులో పడుకుని అతుకులు వేసి సంపాదించిన డబ్బు అది. రద్దు చేసిన బుకింగుకు ఫోటో తీసి అమ్ముకునే విద్య మాకు రాదు. మా నాన్న ఇచ్చిన జీడిపప్పు ఆయనకు బాగా అరిగిందనే అనుకుంటాను.

ఇక కొనబోయే వారికి. ఏజెంటు పంపిన కాగితాన్ని కాకుండా హోటల్‌నే నమ్మండి. బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి, బుకింగు నంబరు చెప్పి, డబ్బు చెల్లించారా లేదా అడగండి. తెల్లకాగితం రసీదు తీసుకోవద్దు. ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల వరకు కట్టిన సొమ్ము విషయంలో వేసే ఫిర్యాదుకు రుసుము లేదు. మా ఫిర్యాదు బావ రాస్తున్నాడు. సంతకం నాన్నగారిది. ఇదే దుకాణంలో ఇలాగే డబ్బు పోగొట్టుకున్నవారు ఉంటే మీ రసీదుల ఫోటోలు నాకు పంపండి, తెల్లకాగితాలైనా సరే.